తాడిపత్రి రాయి మీద బోటు చరిత్ర

ఎర్రగుట్ట కొట్టాల,
ఉరవకొండ మండలం,
30 జులై 1999

ఒరే వీరేషూ,

మీ అక్క బతికే ఉంది, ఒంట్లో బాగానే ఉంది, వాన మాత్రం లేదు. ఈ మూడూ ముందే చెప్పేస్తే మిగతాది నిమ్మళంగా చదువుతావని రాశాను. మొన్న ఒక జల్లు పడితే మీ బావ సగం చేనులో వేరుశనగ విత్తాడు. మిగతా సగం మబ్బుల వంక చూస్తూ పడి ఉంది. నా అంగన్‌వాడీకి పిల్లలు బాగానే వస్తున్నారు, బియ్యమే సరిగ్గా రావడం లేదు.

అసలు సంగతికి వస్తాను. కార్గిల్ యుద్ధం మొదలైనప్పటి నుంచి మన ఊరికి దేశభక్తి పూనింది. మొన్న పంచాయతీ ఆఫీసులో సర్పంచి నారాయణప్ప లేచి నిలబడి, "పేపర్లో ఫోటోలు చూసి చప్పట్లు కొడతాండాం గానీ, మన ఊరోడే ఒగడు అణు బోటులో సముద్రం అడుక్కు పోయొచ్చినాడు గదప్పా! వానికి మనమేం చేసినాం?" అన్నాడు. అందరూ అవునవునన్నారు. బడికి కొత్త గది కడుతున్నారు కదా, దాని వాకిలి పక్కన ఒక తాడిపత్రి రాయి నిలబెట్టి, దాని మీద ఆ బోటు చరిత్ర, కింద నీ పేరు చెక్కించాలని తీర్మానం. జనవరి ఇరవై ఆరున జెండా ఎగరేసి రాయి తెరుస్తారట.

రాసే పని నాకు అప్పజెప్పారు. నువ్వు 88 నుంచి 91 దాకా రాసిన ఉత్తరాలన్నీ నా పెట్టెలోనే ఉన్నాయి కదా. నిన్న తీసి చదువుకున్నాను. అవి వచ్చిన రోజుల్లో నేను అరుగు మీద కూర్చుని గట్టిగా చదువుతుంటే, కూలికి పోయేవాళ్ళు కూడా కొడవళ్ళు పట్టుకుని నిలబడిపోయేవారు. బోటు ఉప్పు నీళ్ళను తీపి నీళ్ళు చేసుకుంటుందని రాశావు చూడు, ఆ రోజు రంగన్న, "అట్లాంటి బోటు ఒగటి మన పెన్నలో ఇడిస్తే సాలదా?" అన్నాడు. పెన్నలో నీళ్ళే లేవని ఎవరో అంటే ఊరంతా నవ్వింది.

ఇంకో మాట. ఎస్సీ కాలనీ నల్లమ్మ కూడా ఆ రోజు పంచాయతీకి వచ్చింది. మెట్ల దగ్గరే నిలబడి, "మా యేసన్న గూడా ఆ నేవీలోనే జేసినాడు గదా సామీ, వాని పేరు గూడా ఏపిస్తారా?" అని అడిగింది. నీతో పాటే అనంతపురంలో సెలెక్షన్‌కు వచ్చి, నీతో పాటే చేరినా, పాపం వాడు ఒడ్డున గుడ్డలు ఉతికే పనిలోనే ఉండిపోయాడు కదా. నారాయణప్ప, "గుడ్డలుతికినోళ్ళ పేర్లు గూడా ఎక్కిస్తే రాయి సాలదు నల్లమ్మా!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు.

యేసన్న నేవీ నుంచి వచ్చాక తాడిపత్రిలో రాళ్ళు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో చేస్తున్నాడు. రాయి అక్కడే చేయిస్తాం, తెలిసినవాడు కదా. నువ్వు బోటు వచ్చిన తేదీ, పోయిన తేదీ, ఎన్ని రోజులు నీళ్ళలో ఉన్నారో అన్నీ విడమరిచి రాయి.

భారతిని, పిల్లవాణ్ణి అడిగానని చెప్పు.

నీ రాతలు మోసే గాడిద,
హేమక్క

గాజువాక,
విశాఖపట్నం,
12 ఆగస్టు 1999

అక్కా,

ఉత్తరం అందింది. ఇక్కడ ఎండ మన ఊరి కంటే తక్కువే గానీ చెమట ఎక్కువ. నేవీ నుంచి బయటికి వచ్చి ఏడాది దాటింది, ఇప్పుడు ఒక కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజరుగా ఉన్నాను. లారీల నంబర్లు రాసుకోవడమే పని. భారతికి మోకాళ్ళ నొప్పులు. పిల్లవాడు బాగా చదువుతున్నాడు.

రాయి వద్దక్కా. అది గుట్టుగా ఉంచవలసిన కొలువు. ఊళ్ళో రాళ్ళ మీద చెక్కేది కాదు. అంతగా మనసైతే బడిలో పిల్లలకు నీళ్ళ తొట్టి కట్టించండి. వద్దన్నా వినకపోతే బోటు సంగతి మాత్రం రాయండి, మనిషి పేరు వేయవద్దు.

బోటు చరిత్ర పెద్దదేం కాదు. శత్రువుల ఓడలను నీటి అడుగున వెంటాడే రకం. రష్యా వాళ్ళది. అణుశక్తితో నడిచే బోటు ఎలా ఉంటుందో మనవాళ్ళు నేర్చుకోవాలని మూడేళ్ళ బాడుగకు తెచ్చుకున్నారు. మనవాళ్ళను ముందు రష్యా పంపి, ఆ చలిలో పని నేర్పించారు. 88 మొదట్లో విశాఖకు వచ్చింది. 91 మొదట్లో తిరిగి వెళ్ళిపోయింది. అక్కడికి పోయాక పాతబడిందని విప్పేశారని విన్నాను. అంతే. బాడుగ ఎద్దులాంటిదే, గడువు తీరగానే తోలుకుపోయారు.

ఇంకొకటి. రాయి చేయించినా యేసన్న దగ్గర చేయించవద్దు. తాడిపత్రిలో వేరే ఫ్యాక్టరీలు వందున్నాయి.

తమ్ముడు,
వీరేష్

ఎర్రగుట్ట కొట్టాల,
27 ఆగస్టు 1999

వీరేషూ,

నీ ఉత్తరం అరుగు మీద చదివాను. పేరు వద్దన్నావని చదవగానే రంగన్న కళ్ళు తుడుచుకున్నాడు. "సూడండప్పా, అంత జేసి గూడా పేరొద్దంటాండాడు" అన్నాడు. నాకు మాత్రం అనుమానం. రాయికి చందాలిచ్చినవాళ్ళ పేర్లు కింద చిన్నగా వేస్తున్నారు, అందులో మీ బావ పేరు ముందుందని నీకు గుర్రుగా ఉందా? అట్లయితే చెప్పు, తీయిస్తాను. మీ ఇద్దరి మధ్య నేను నలిగి చావలేను.

యేసన్న దగ్గర వద్దన్నది ఆలస్యమైంది. నీ ఉత్తరం వచ్చే ముందు రోజే తాడిపత్రి పోయి వచ్చాను. బస్సు దిగితే ఊరంతా తెల్లటి దుమ్ము. ఫ్యాక్టరీలో యేసన్న మిషను ఆపి వచ్చాడు, కనురెప్పల మీద కూడా రాతి పొడి. నన్ను చూసి స్టూలు తుడిచి వేశాడు, తను నిలబడే ఉన్నాడు. నేను రాసింది చేతికిచ్చాను. "రష్యా దేశమునందు జన్మించి, మూడు సంవత్సరములు భారతదేశమునకు సేవ చేసిన అణు జలాంతర్గామి యందు, ఒక్కసారికి ముప్పది దినములు సముద్రగర్భమున నివసించి..." అని బాగానే రాశాను కదా. చదివాడు. చాలాసేపు చదివాడు.

"ముప్పై కాదక్కా, ఇరవై మూడు. ముప్పై దినాలకని పోయినాం, ఇరవై మూడుకే ఎనిక్కి రమ్మనిరి" అన్నాడు. పోయినాం అంటాడు చూడు, తనూ పోయినట్టు! నాకు నవ్వొచ్చింది. తర్వాత జేబులోంచి పెన్సిలు తీసి నేను రాసిన తేదీల్లో మూడు కొట్టేసి వేరేవి వేశాడు. బోటు వదిలిపోయే రోజు అందరూ సంబరంగా సెల్యూట్ కొట్టారని నేను రాస్తే, "ఆ పొద్దు లోపల జేసినోళ్ళు ఏడ్చినారక్కా. అది రాయొద్దులే, సంబరం అనే ఉండనీ" అన్నాడు. ఉతకమని గుడ్డలు వేసే బోటువాళ్ళ మాటలు విని విని అన్నీ చెవిన పడి ఉంటాయి.

నీ పేరు సంగతి ఎత్తితే ఒక వింత మాట అన్నాడు. "అచ్చరాలన్నీ నేనే దించుతాను. పేరు మాత్రం వీరేషన్న సొంత చేత్తో కాయితం మీద రాసి పంపమను. ఏ పేరు రాసి పంపితే ఆ పేరే చెక్కుతా" అన్నాడు. ఇంటిపేరుతోనా, ఉత్త పేరా అని కాబోలు. ఒక తెల్ల కాగితం మీద పెద్దగా, గుండ్రంగా రాసి పంపు. నీ దస్తూరీ రాతి మీద ఉంటే అదో అందం.

నల్లమ్మ కొడుక్కు సద్ద రొట్టెలు కట్టిచ్చింది, తీసుకుపోయి ఇచ్చాను. నేను పుణ్యాత్మురాలినే.

హేమక్క

గాజువాక,
10 సెప్టెంబరు 1999

అక్కా,

బావ మీద నాకు ఏ కోపమూ లేదు. ఆయన పేరు తీయించవద్దు.

యేసన్న ఇంకేమన్నా అన్నాడా? ఆ మాట అనేటప్పుడు నవ్వుతూ అన్నాడా, మామూలుగా అన్నాడా? అతను కొట్టేసిన మూడు తేదీలూ ఏవేవి? ఇరవై మూడే నిజం. నేనే ముప్పై అని రాశాను.

అక్కా, ఒక మాట రాస్తాను, కంగారు పడకు. మూడేళ్ళూ నేను బోటు లోపల లేను. ఒడ్డునే ఉన్నాను ఎక్కువ కాలం. దానికి కారణం ఉంది. ఎదురుగా కూర్చుని చెప్పవలసింది, ఉత్తరంలో కాదు. ఈ రాయి పని కొన్నాళ్ళు ఆపించు. పేరు రాసి పంపమన్నావు. నాలుగు కాగితాలు తీసి నాలుగూ చించేశాను.

వీరేష్

ఎర్రగుట్ట కొట్టాల,
29 సెప్టెంబరు 1999

నా తండ్రీ,

నాకు అంతా అర్థమైంది. నువ్వు చెప్పకపోయినా నేను పసిదాన్నేం కాదు. అణు బోటులో ఏవో కిరణాలుంటాయని, ఒంట్లోకి పోతే రక్తం చెడుతుందని పేపర్లో చదివాను. అందుకే కదా నిన్ను ఒడ్డుకు దించారు? అందుకే కదా ఒక్క బిడ్డతోనే ఆగిపోయారు? భారతి మోకాళ్ళ నొప్పులని రాస్తావు గానీ, ఆ నొప్పులు ఎవరివో నాకు తెలుసు. ఇన్నేళ్ళు ఒంటరిగా మోశావు కదరా. పెన్నహోబిలం నరసింహస్వామికి మొక్కుకున్నాను, నువ్వు రాగానే తీసుకుపోతాను.

నీ ఉత్తరం అరుగు మీద చదువుతూ, ఒడ్డునే ఉన్నానన్న వరుస దగ్గర కాగితం మడిచేశాను. జబ్బు సంగతి నేనే ఊరికి చెప్పాను. ఆడవాళ్ళు ఏడ్చారు. నారాయణప్ప అప్పటికప్పుడు, "దేశం కోసరం ఆరోగ్యాన్నే ఇచ్చినాడు గదప్పా! ఆ ముక్క గూడా రాయి మీద ఎక్కాల" అన్నాడు. "తన ఆరోగ్యమును సైతము సముద్రమునకు అర్పించిన" అని ఒక వరుస కలిపాను. యేసన్నకు కార్డు రాశాను. జవాబుగా, "సరే అక్కా, చెక్కినాను. పేరు ఇంకా రాలేదు" అని ఒక్క ముక్క రాశాడు.

పని ఆపించే మాట మళ్ళీ ఎత్తకు. భూమిలోకి దిగకుండానే వేరుశనగ ఊడ ఎండిపోతోంది, ఊళ్ళో ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. నీ రాయి ఒక్కటే ఇప్పుడు వాళ్ళకు మంచి మాట. పేరు పంపు.

హేమక్క

గాజువాక,
17 అక్టోబరు 1999

అక్కా,

మీరంతా క్షేమమని తలుస్తాను. వాన పడిందా? నీ ఉత్తరం చూసి భారతి భోజనం మానేసింది. నాకు ఏ జబ్బూ లేదు. ఇప్పుడు రాసేది నువ్వు నమ్మాలి.

రష్యాలో పని నేర్చుకునేటప్పుడు యేసన్న, నేను పక్కపక్క మంచాల్లో పడుకునేవాళ్ళం. పరీక్షలన్నీ నేనూ ప్యాసయ్యాను. మొదటిసారి బోటు నీళ్ళలో లోతుకు దిగిన రోజు, మా గదికీ పక్క గదికీ మధ్య ఇనుప తలుపు మూసి చక్రం తిప్పారు. అంతే. నాకు ఊపిరి ఆగిపోయినట్టయింది. నాయనా, నాయనా అని కేకలు పెట్టాను. తలుపు తీయమని గోళ్ళతో గీరాను. తడుపుకున్నాను కూడా. ముప్పై మంది చూశారు. యేసన్న వచ్చి వెనక నుంచి నన్ను గట్టిగా పట్టుకుని, "ఏం గాదన్నా, నేనుండా, ఏం గాదు" అంటూ కూర్చున్నాడు, మళ్ళీ పైకి వచ్చేదాకా.

తర్వాత నన్ను బోటు ఎక్కనివ్వలేదు. విశాఖలో ఒడ్డున, బోటు వాళ్ళ గుడ్డలు ఉతికే యంత్రాల దగ్గర వేశారు. మన ఊరు నెలంతా వాడుకునే నీళ్ళు ఆ యంత్రాలు ఒక్క పూటలో తాగేవి. మూడేళ్ళు అదే నా కొలువు. గుడ్డలు ఉతికింది నేను. బోటు లోపల ఉన్నది యేసన్న.

అతను సముద్రం నుంచి వచ్చినప్పుడల్లా నా దగ్గరికి వచ్చి, బల్ల మీద కూర్చుని చూసిందంతా చెప్పేవాడు. నాకు దిగులు పోవాలని చెప్పేవాడు. నేను అదంతా నేను చూసినట్టు నీకు రాసేవాణ్ణి. మొదటి ఉత్తరం సిగ్గుతో రాశాను. మీరు మురిసిపోయి జవాబు రాశాక ఆపలేకపోయాను. యేసన్న ఏం చేస్తున్నాడని నువ్వు అడిగావు. ఇద్దరం లోపలే అని రాసి ఉండవచ్చు. కానీ కాలనీ వాడు లోపల ఉండి నేను బయట ఉండడం ఓర్చుకోలేకపోయాను. నా పని తీసి వాడికి అంటగట్టాను. ఒక్క వరుస. ఒడ్డున గుడ్డలు ఉతుకుతున్నాడు, పాపం అని. ఆ పాపం అనే మాట కూడా రాశాను.

89లో అతను సెలవు మీద ఊరికి వచ్చి అంతా విని, నా పేరు పోతుందని తల్లికి కూడా ఏమీ చెప్పకుండా వెళ్ళాడు. నన్ను తిట్టలేదు. "మా యమ్మకు నేనేమని చెప్పేదన్నా?" అని ఒక్కటే అడిగాడు.

పేరు రాసిన కాగితం ఇందులో పెట్టాను. కె. యేసన్న అని రాశాను. నా దస్తూరీయే. ఆరోగ్యం వరుస కొట్టేయించు.

వీరేష్

ఎర్రగుట్ట కొట్టాల,
3 నవంబరు 1999

వీరేష్,

ఒంటరిగా చదవమని పైన ఒక్క ముక్క రాయడానికి నీ చేతులు పడిపోయాయా? నీ ఉత్తరం వస్తే నేను అరుగు మీద చదువుతానని నీకు తెలియదా? పదకొండేళ్ళుగా చదువుతున్నాను. ఆ రోజు నీ జబ్బు కబురు కోసం ఊరంతా వచ్చింది. నారాయణప్ప కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నల్లమ్మ అరుగు కింద, గోడ పక్కన నిలబడి ఉంది. నేను కవరు చింపి ఎప్పటిలాగే గట్టిగా మొదలుపెట్టాను. వాన పడిందా అని చదివాను, జబ్బు లేదు అని చదివాను. అందరూ హమ్మయ్య అన్నారు. రష్యా అని చదివాను. ఇనుప తలుపు దగ్గరికి వచ్చేసరికి కళ్ళు ముందుకు పోయాయి, నోరు ఆగిపోయింది.

"ఏమైందమ్మా, సదువు" అన్నాడు నారాయణప్ప.

చదివాను. కాగితంలో లేనిది చదివాను. లోపల చాలా చలిగా ఉండేదని, రష్యా వాళ్ళు ఎర్ర సారాయి ఇచ్చేవారని, నువ్వు తాగలేదని చదివాను. వరుస మీద వేలు పెట్టి మరీ చదివాను, ఎవరికీ అనుమానం రాకుండా. చివర్లో ఊళ్ళో అందరికీ నమస్కారాలు అని కూడా కలిపాను. అంగన్‌వాడీలో పిల్లలకు అబద్ధం ఆడగూడదు అని పాట నేర్పేదాన్ని, నా నోటితో నేను అంత పొడుగు అబద్ధం అల్లాను. నల్లమ్మ అంతా విని, "బాగుండాడు గదా, అదే సాలు" అనుకుంటూ పోయింది. నాకు నేల చీలితే దూరిపోదామనిపించింది.

ఇంట్లోకి పోయి మిగతాది చదివాను. మూడు రోజులు నీ మీద ఉమ్మేయాలన్నంత కోపం వచ్చింది. ఇప్పుడు కోపం తీరింది. ఆలోచన వచ్చింది. అయిపోయిందేదో అయిపోయింది. ఆ బోటే ఇప్పుడు లోకంలో లేదు, దాని లోపల ఎవరున్నారో ఎవడు చూడొచ్చాడు? యేసన్న ఇన్నేళ్ళు నోరు విప్పలేదు, ఇకముందూ విప్పడు. ఇంకో కాగితం మీద నీ పేరు రాసి పంపు. నేనే యేసన్న కాళ్ళు పట్టుకుంటాను. మన నాయన పేరు ఈ ఊళ్ళో ఉంది, నా ఉద్యోగం ఉంది, మీ బావ నలుగురిలో తిరగాలి. తలెత్తుకుని బతకనీ మమ్మల్ని.

హేమావతి

గాజువాక,
18 నవంబరు 1999

అక్కా,

ఒంటరిగా చదవమని రాయకపోవడం మరుపు కాదు. కావాలనే రాయలేదు. నేను ఊరికి వచ్చి చెప్పలేను. నీ నోటి నుంచి అందరి ముందూ వచ్చేస్తే నా బరువు దిగిపోతుందనుకున్నాను. నిన్ను ఆ అరుగు మీద అలా నిలబెట్టాను. ఇది కూడా పిరికితనమే. ఆ ఇనుప తలుపు దగ్గర అరిచినవాణ్ణి ఇంకా అలాగే ఉన్నాను.

నా పేరు రాసి పంపను. ఈ ఒక్కటీ మాత్రం చేయను.

ఒక సంగతి అడుగుతాను, కోపగించుకోవద్దు. ఆ మూడేళ్ళూ యేసన్న కూడా వాళ్ళ అమ్మకు ప్రతి నెలా ఉత్తరం రాసేవాడు. నల్లమ్మకు చదువు రాదు, నువ్వే చదివిపెట్టేదానివి, జవాబులూ నువ్వే రాసేదానివి. వాడు లోపలి సంగతులన్నీ అందులో రాసేవాడని నాకు తెలుసు. అందుకే నా ఉత్తరం పోస్టు చేసినప్పుడల్లా ఈసారి పట్టుబడతాను అనుకుని నిద్రపోయేవాణ్ణి కాదు. నువ్వు ఒక్కసారి కూడా అడగలేదు. అక్కకు తెలిసిపోయింది, నన్ను కాపాడుతోంది అనుకున్నాను. ఆ ధైర్యంతోనే మూడేళ్ళు రాశాను.

నీకు నిజంగా తెలియదా అక్కా?

వీరేష్

ఎర్రగుట్ట కొట్టాల,
9 డిసెంబరు 1999

వీరేషూ,

నీ ప్రశ్నకు జవాబు రాయడానికి ఇరవై రోజులు పట్టింది. నీకు రాయడానికి కాదు, నాకు నేను ఒప్పుకోవడానికి.

యేసన్న ఉత్తరాలు నేను చదివాను. నీ ఉత్తరం, వాడి ఉత్తరం ఒకే వారంలో వచ్చేవి. రెండింట్లో అవే మాటలు. సముద్రం కింద పగలేదో రాత్రేదో తెలియదు, పెట్టే తిండిని బట్టి పొద్దు తెలుసుకుంటాం అని నువ్వు రాశావు, వాడూ రాశాడు. నిన్ను చూసి వాడు కాపీ కొట్టాడనుకున్నాను. వాడిని చూసి నువ్వు కొట్టి ఉంటావని ఒక్క గడియ కూడా తోచలేదు. ఎందుకు తోచలేదో నీకూ తెలుసు, నాకూ తెలుసు. మొదటి ఉత్తరంలోనే వాడు, "నేను లోపల ఉండాను, వీరేషన్నకు పడక ఒడ్డున ఉంచినారు, ఈ మాట ఊళ్ళో అనొద్దమ్మా, ఆయప్ప మనసు నొచ్చుకుంటాది" అని రాశాడు. అది చదివి నాకు ఒళ్ళు మండింది. కాలనీ వాడికి ఎంత పొగరు, మా వాణ్ణి ఒడ్డున పెడతాడా అనుకున్నాను. వాడి అబద్ధాలు వాడి తల్లికెందుకు చెప్పాలి అని ఆ వరుసలన్నీ చదవకుండా ఎగరేశాను. అప్పటి నుంచి ప్రతి ఉత్తరం అంతే. నల్లమ్మ అరుగు కింద నిలబడి చెవి ఒగ్గితే, బాగున్నాడంట, దుడ్లు పంపినాడంట అని రెండు ముక్కలు చెప్పి మడిచి ఇచ్చేదాన్ని. మూడేళ్ళు. నువ్వు ఒక్క వరుస రాశావు, నేను ప్రతి నెలా ఎగరేశాను. మనిద్దరిలో ఎవరిది పెద్ద తప్పో తూకం వేయడానికి నాకు మొహం లేదు.

నిన్న పొద్దున కాలనీకి పోయాను. ఈ ఊళ్ళో ఇన్నేళ్ళుండి నల్లమ్మ ఇంటి గడప తొక్కడం అదే మొదటిసారి. చేటలో కాయలు ఒలుస్తోంది. కూర్చోమని మంచం చూపించింది, నేను కింద కూర్చున్నాను. నీ సంగతి, నా సంగతి రెండూ చెప్పాను. ఏడుస్తూ చెప్పాను. ఆమె ఏడవలేదు. ఒలవడం ఆపి, లేచిపోయి, గూట్లోంచి గుడ్డ మూట తెచ్చి నా ముందు పెట్టింది. అన్నీ ఉన్నాయి, ముప్పై నాలుగు.

"కాయితం నిండా ఉండేది హేమమ్మా. అటు ఇటు రాసుండేది. నువ్వు సూస్తే రెండు మాటలు సెప్తాండివి. మా వాడు అచ్చరాలు పెద్దపెద్దగా రాస్తాడేమో, అందుకే నిండిపోతాది అనుకుంటి" అంది. "ఇప్పుడు సదువు. ఏదీ ఇడవగాకు."

మొదటి దాని నుంచి చదివాను. చుట్టుపక్కల ఆడవాళ్ళు కూడా వచ్చి గుమ్మంలో కూర్చున్నారు. లోపలి చలి, తీపి నీళ్ళు, ఇరవై మూడు రోజులు, అన్నీ చదివాను. ఊరంతా నీవని విన్న మాటలే అవన్నీ.

నేను అప్పట్లో ఎగరేసిన చోట బోటు సంగతులే కాదురా, తల్లిని అడిగిన మాటలు కూడా ఉన్నాయి. మొదట్లో ప్రతి ఉత్తరం చివర, బోటు సంగతి రాశాక, "నేను లోపల ఉండేది నీకు సంతోషమా అమ్మా, భయమా? ఒక్క మాట రాయించు" అని ఉంది. మొదటి ఉత్తరంలో ఉంది. రెండో దానిలో ఉంది. ఆరో దానిలో, "నువ్వు సెప్పకుంటే నేను ఎట్ల అనుకోవాల?" అని ఉంది. సెలవు మీద వచ్చిపోయాక ఆ మాట అడగడం మానేశాడు. ఆ జవాబులన్నీ రాసింది నేనే. మేకలు ఈనినాయి, బియ్యం కార్డు వచ్చింది అని రాశాను. వాడు అడిగిందానికి ఒక్కసారి కూడా జవాబు రాయలేదు. ఆమెకు ప్రశ్నే వినిపించలేదు కదా, జవాబు ఎక్కడి నుంచి వస్తుంది?

అన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. నారాయణప్పతో చెప్పడానికి, ఆదివారం అరుగు మీద నీ ఉత్తరం మొత్తం చదవడానికి ఆమె అనుమతి అడిగాను. "రాయి సంగతి మీరు మీరు జూసుకోండి" అంది. "ఆదివారం సదువుకుంటావో మానుకుంటావో నీ ఇష్టం. ఇప్పుడు కాయితం తీసుకో, మావానికి రాయాల."

నువ్వు పేరు రాసిన కాగితం నా సంచిలోనే ఉంది. దాన్ని యేసన్నకు పంపే కవరులో పెట్టి, ఇంకో తెల్ల కాగితం తీసి, ఏం రాయమంటావని అడిగాను.

"సంతోషమే నాయనా, అని రాయి" అంది. రాశాను. కాసేపు కాయలు ఒలిచి, "పదేండ్లు ఆలస్యమాయ, సదివేటోళ్ళు సరిగ్గా సదవలేదు, అని గూడా రాయి" అంది.

అది కూడా రాశాను. కింద ఆమె వేలిముద్ర వేసింది. చదివి వినిపించమంటే రెండు వరుసలూ వినిపించాను. నమ్మకం లేక కాగితం పక్కింటి పిల్లకిచ్చి మళ్ళీ చదివించుకుంది.

హేమావతి